యాభై మూడో వారం కవరు

తేదీ లేని కాగితం చేతికొస్తే నాకు స్థిమితం ఉండదు. గ్యాస్ బండ మార్చిన రోజు క్యాలెండరులో రాస్తాను. ఆవకాయ జాడీ మూతికి కట్టే గుడ్డ మీద కలిపిన తేదీని ఒకప్పుడు దారంతో కుట్టేదాన్ని. చూపు మందగించాక మార్కరు పెన్నుతో రాస్తున్నాను. అలాంటి నేను తేదీ అన్నదే లేని తపాలా బిళ్ళలను ఆరేళ్ళపాటు ఎందుకు పోగుచేశానో చాలామందికి అర్థం కాలేదు. మా ఆయనకైతే ఇప్పటికీ కాలేదు.

1996 ఫిబ్రవరిలో నేను మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ మధ్యనున్న ఒక గులాబీ తోటలో గుమాస్తాగా చేరాను. అప్పటికి నాకు యాభై ఏళ్ళు. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు గాజులరామారం దగ్గర ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేశాను. అది మూతపడింది. మా ఇల్లు మచ్చ బొల్లారంలో. పొద్దున బస్సులో శామీర్‌పేట దాకా వెళ్ళి, అక్కడినుంచి తోట జీపెక్కేదాన్ని.

ఆ తోట అంతకుముందు ద్రాక్షతోట. పందిళ్ళు మోసిన రాతి కడీలు ఒక పక్క ఇంకా వరసగా నిలబడే ఉండేవి. వాటికి ఇవతల ప్లాస్టిక్ కప్పిన పెద్ద పాలీహౌసులు, వాటిలో గులాబీలు. తెల్లవారుజామున కోసిన పూలను పక్కనున్న గ్రేడింగ్ షెడ్డులో కాడ పొడుగును బట్టి వేరుచేసి, కట్టలు కట్టి, అట్టపెట్టెల్లో సర్ది విమానంలో హాలెండుకు పంపేవాళ్ళం. మొక్కలు అక్కడివి, పద్ధతి అక్కడిది, ఆ పద్ధతి నేర్పడానికి వచ్చిన మనిషి కూడా అక్కడివాడే. అరవై దాటిన పొడుగాటి మనిషి, తోటలోనే ఒక గదిలో ఉండేవాడు. కూలీలందరూ అతన్ని తెల్లసారు అనేవాళ్ళు. నేనూ అదే పేరుతో రాస్తాను.

నా పనుల్లో మొదటిది, వచ్చిన టపాను రిజిస్టరులో ఎక్కించి, ప్రతి కవరు వెనకా 'అందినది' అన్న ముద్ర కొట్టి తేదీ వేయడం. నెలకో రెండు నెలలకో తెల్లసారుకు హాలెండునుంచి వాళ్ళ అక్క పంపే లావుపాటి కవరు వచ్చేది. అక్కడ అతని ఇంటికి వచ్చిన టపా అంతా ఆవిడ పోగుచేసి, ఒక్క కాగితం కూడా వదలకుండా అందులో కుక్కి పంపేది. అతను నా బల్ల దగ్గరే నిలబడి దాన్ని చింపేవాడు. బ్యాంకు కాగితాలు, సొంత ఉత్తరాలు తీసుకుని, మిగతావి విప్పకుండానే నా చెత్తబుట్టలో పడేసేవాడు. కళ్ళద్దాల దుకాణం, తివాచీల దుకాణం, తోట ఎరువులు, చెవిటి మిషన్లు, అన్నీ ప్రకటనలే.

ఏప్రిల్‌లో ఒకరోజు బుట్ట నిండిపోయి ఒక కవరు కింద పడితే తీశాను. దాని మీది బిళ్ళను చూశాను. అలల్లాంటి నల్లగీతలు బిళ్ళ మీద ఉన్నాయి, కవరు మీద లేవు. గీతలు బిళ్ళ అంచు దగ్గర కత్తిరించినట్టు ఆగిపోయాయి. ఏ పోస్టాఫీసులోనైనా ముద్ర కొడితే సగం బిళ్ళ మీదా సగం కవరు మీదా పడాలి కదా. బుట్టలోంచి ఇంకో మూడు తీశాను. మూడూ అంతే. ఊరు పేరు లేదు, తేదీ లేదు.

తెల్లసారును అడిగాను. అతను తనకు వచ్చిన ఇంగ్లీషులో, నాకు వచ్చిన ఇంగ్లీషుకు సరిపడా చెప్పాడు. వేలకొద్దీ ప్రకటనలు గంపగుత్తగా పంపే కంపెనీలకు, ముద్ర ముందే అచ్చువేసిన బిళ్ళలు ఇస్తారట. వాటికి పోస్టాఫీసులో మళ్ళీ ముద్ర కొట్టే పనిలేదు. కొన్నిటికి బిళ్ళ కూడా ఉండదు, ఆ చోట 'పోర్ట్ బెటాల్ట్' అని ఒక గడి అచ్చువేస్తారు. అంటే తపాలా ఖర్చు చెల్లించారని. డచ్చిభాషలో నేను నేర్చుకున్న మొదటి రెండు మాటలు అవే.

"మరి ఏ రోజు పంపారో ఎలా తెలుస్తుంది?" అన్నాను.

"తెలియదు. అది ఎవరికి కావాలి?" అని నవ్వాడు.

నాకు కావాలి. ఆ మాట నేను పైకి అన్నానో లేదో గుర్తులేదు. ఆ రోజునుంచి చెత్తబుట్టలో పడేముందు అవి నా చేతిలో పడేవి.

మొదట్లో తెలియక ఒక పెద్ద పొరపాటు చేశాను. తపాలా బిళ్ళలు సేకరించడమంటే నీళ్ళలో నానబెట్టి, కవరునుంచి ఊడదీసి, ఆరబెట్టడమని చిన్నప్పుడు ఎవరో చెప్పింది గుర్తు. అలా జూన్ ఆఖరుకల్లా పంతొమ్మిది బిళ్ళలు ఊడదీశాను.

"మినప్పప్పు నానబెట్టే గిన్నెలో హాలెండును నానబెట్టావు. రేపు దోసెలకు ఏ దేశం?" అన్నారు మా ఆయన.

ఆ పంతొమ్మిదీ ఒక నోటుబుక్కులో అంటించి జులైలో మా కాలనీకి రెండు వీధుల అవతల ఉండే తపాలా బిళ్ళల సంఘం పెద్ద దగ్గరికి పట్టుకెళ్ళాను. ఉద్యోగం నుంచి రిటైరైన పెద్దమనిషి. మాట మెత్తగా ఉంటుంది, మనిషి మెత్తన కాదు. భూతద్దం పెట్టి ఒక్కొక్కటీ చూసి, పుస్తకం మూసి నా వైపు తోశారు.

"అమ్మా, ఇది చెత్తబుట్ట సరుకు. ఏమీ అనుకోకండి."

"చెత్తబుట్టలోంచే తీశానండి," అన్నాను.

ఆయన కాస్త తడబడ్డారు. తరవాత వివరంగా చెప్పారు. ముందే ముద్ర వేసిన బిళ్ళకు కవరే ప్రాణమట. కవరునుంచి విడదీస్తే అది ఎక్కడ, ఎప్పుడు, దేనికి వాడారో చెప్పే సాక్ష్యం పోతుంది. అసలే దాని మీద తేదీ ఉండదు. ఇక మిగిలేదేముంది, రంగు కాగితం.

"కవరుతో సహా తెండి. ప్రతి కవరుకూ అది ఎప్పటిదో తేల్చి తెండి. ఆ రోజున మన ప్రదర్శనలో మీకు ఒక ఫ్రేము ఇస్తాను. పోటీలో పెడతాను," అన్నారు.

ఫ్రేమంటే పదహారు కాగితాలు పట్టే అద్దం బోర్డు. నాలుగు వరసలు, వరసకు నాలుగు. ఆయన ఆ మాట నన్ను వదిలించుకోవడానికే అన్నారని నాకు తెలుసు. అయినా ఇంటికి వచ్చి డైరీలో రాసుకున్నాను: కవరు, తేదీ, ఫ్రేము. ఊడదీసిన పంతొమ్మిదింటినీ బిస్కెట్ల డబ్బాలో వేసి మూత పెట్టాను. ఈ రోజుకీ అవి అందులోనే ఉన్నాయి. లెక్కలోకి తీసుకోలేదు.

కవరు దాచడం కష్టమేమీ కాదు. తేదీ పట్టుకోవడమే కష్టం. లావుపాటి కవరు మీది హాలెండు ముద్ర ఉపయోగపడేది కాదు. వాళ్ళ అక్క ఒక్కోసారి రెండు నెలల టపా ఒకేసారి పంపేది కనక, లోపలివి ఆ తేదీకి ముందువని తప్ప ఇంకేమీ తెలియదు. అందుకని ప్రకటనలను విప్పి చదవడం మొదలుపెట్టాను. భాష రాదు, అంకెలు వచ్చు. చూడగా చూడగా చాలా కాగితాల మూలన రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఒక సంఖ్య కనబడ్డాయి. డబ్ల్యూకే పద్నాలుగు, డబ్ల్యూకే ముప్ఫై ఒకటి, ఇలా. తెల్లసారును అడిగితే అది వారం నంబరని చెప్పాడు. వాళ్ళ దేశంలో డాక్టరు దగ్గరికి ఎప్పుడు రమ్మన్నా, పూలు ఎప్పుడు కావాలన్నా తేదీ చెప్పరట, ఇన్నో వారమని చెబుతారట.

అది నాకు తెలియని సంగతేమీ కాదు. మా గ్రేడింగ్ షెడ్డులో ఒక నల్లబోర్డు ఉండేది. దాని మీద ప్రతి సోమవారం పొద్దున చాక్‌పీసుతో వారం నంబరు రాసేవాళ్ళు. హాలెండునుంచి ఆర్డర్లు ఆ నంబర్లతోనే వచ్చేవి. కానీ అది షెడ్డు వ్యవహారం. షెడ్డులో వారాలు, ఆఫీసులో తేదీలు. పెట్టెలు బయటికి కదిలిన రోజు తారీఖు వేసుకోవడమే నా పని. మధ్యలో ఒక్క గోడ. ఆ గోడకు ఇటు కూర్చుని నేను నా సొంత లెక్క వేసుకున్నాను.

నా లెక్క ఇది. జనవరి ఒకటో తేదీ ఏ వారంలో పడితే అదే ఆ సంవత్సరం మొదటి వారం. అక్కడినుంచి ఏడేసి రోజులు కలుపుకుంటూ పోవాలి. ప్రతి కవరుకూ ఆ వారపు సోమవారం తేదీ రాయాలి. లెక్కను ఊరికే నమ్మలేదు. కొన్ని కవర్లలో వారం నంబరుతోపాటు తేదీ కూడా ఉన్న ఉత్తరాలు దొరికాయి. 1996వి రెండు, 1997ది ఒకటి, 1998వి రెండు, తరవాత 2001ది ఒకటి. ఆరింటికి ఆరూ నా లెక్కతో సరిపోయాయి. ఆరుసార్లు సరిపోయిన లెక్కను ఏడోసారి ఎవరు అనుమానిస్తారు?

షెడ్డు మేస్త్రమ్మ సంగతి ఇప్పుడు చెప్పాలి. శామీర్‌పేట పక్క ఊరు ఆమెది. ద్రాక్షతోట రోజుల్లో అక్కడే తీగలు కత్తిరించే కూలికి వచ్చింది. గులాబీలు వచ్చాక పదిమంది ఆడవాళ్ళకు మేస్త్రి అయింది. నాకంటే పదిహేనేళ్ళు చిన్న. మూడో తరగతిలో బడి మానేసినా అంకెలు తప్పు లేకుండా రాసేది. బోర్డు మీద నంబరు రాసేది ఆమే. మధ్యాహ్నం అన్నాల వేళ షెడ్డు చల్లగా ఉంటుందని నేనూ అక్కడికే నా క్యారియరు పట్టుకెళ్ళేదాన్ని. నేను కవర్లు కత్తెరతో జాగ్రత్తగా విప్పుతుంటే ఆమె వేళాకోళం చేసేది.

"తెల్లసారు పారేసుడు, అమ్మ ఏరుకునుడు. గిట్ల గుడ్డపేలికలు ఏరితే బొంతన్న అయితది గని కాయితాలతోని ఏమైతదమ్మా?"

"ఏమీ కాదు. ప్రదర్శనలో పెడతాను."

"గట్లనా. అయితే పిలువు. నేను గూడ వస్త."

2001 అక్టోబరులో తెల్లసారు వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు గదిలో మిగిలిన ప్రకటనలన్నీ ఒక సంచీలో వేసి, తనే నా బల్ల మీద పెట్టాడు. ఆ సంవత్సరంతో హాలెండులో పాత నాణెం కూడా పోయి యూరో రాబోతోంది. పాత విలువ వేసిన బిళ్ళలకు అది చివరి ఏడు. నా సేకరణకు అదే ముగింపు అనుకున్నాను.

డిసెంబరు 31న కూర్చుని మొత్తం లెక్క తీశాను. అన్నీ కలిపి నూట నలభై మూడు. అందులో నానబెట్టి పాడుచేసినవి పంతొమ్మిది పోగా కవరుతో ఉన్నవి నూట ఇరవై నాలుగు. వాటిలో తేదీ తేలినవి ఎనభై మూడు, తేలనివి నలభై ఒకటి. తేలినవాటిలో శుభ్రమైనవి ముప్ఫై ఏరాను. మొదటి కాగితం మీద సేకరణ గురించీ, వారం లెక్క గురించీ పరిచయం. మిగతా పదిహేనింటి మీద కాగితానికి రెండు కవర్లు, సంవత్సరాల వరసలో. ప్రతి కవరు కిందా నల్లసిరాతో తేదీ, దేని ప్రకటనో ఒక ముక్క.

ఒక్క కవరు మాత్రం ఇబ్బంది పెట్టింది. పదిహేనోది, 1998 చివరిది. తివాచీల దుకాణంది. దాని మూలన యాభై మూడు అని ఉంది. ఏడాదికి యాభై రెండే వారాలు. చాలాసేపు ఆలోచించి కింద ఇలా రాశాను: 'యాభై రెండుకు బదులు యాభై మూడని అచ్చుతప్పు పడింది.' నిజం చెప్పాలంటే, ఆ వాక్యం రాసినప్పుడు నాకు కొంచెం గర్వంగా ఉండింది. హాలెండువాళ్ళ తప్పు మచ్చ బొల్లారంలో నేను పట్టుకున్నానని.

2002 జనవరి 28, సోమవారం. పదహారు కాగితాలు సంఘం పెద్ద చేతికిచ్చాను. ఆయన అన్నీ చూశారు. చాలాసేపు చూశారు. "అయిదున్నరేళ్ళు పట్టిందా అమ్మా?" అన్నారు. "అయిదేళ్ళ ఆరు నెలలు," అన్నాను. రసీదు రాసిచ్చారు. ప్రదర్శన ఫిబ్రవరి 9, 10 తేదీల్లో, కొంపల్లి రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాల్లో. పోటీలో నా ఫ్రేము నంబరు పదకొండు.

గురువారం, 31వ తేదీ. తోటలో అదే సంవత్సరం మొత్తానికి ఊపిరి సలపని కాలం. ఫిబ్రవరి పద్నాలుగు ప్రేమికుల రోజుకు హాలెండులో ఎర్రగులాబీలు కావాలి. బోర్డు మీద అయిదు అని ఉంది. మధ్యాహ్నం పావుగంట తెరిపి దొరికితే, నా కాగితాల జిరాక్సులు మేస్త్రమ్మకు చూపించాను. ఆమె ముళ్ళు గుచ్చుకున్న వేళ్ళతో ఒక్కో అంకె మీద తడుముతూ వచ్చి, పదిహేనో కవరు దగ్గర ఆగింది.

"గిదేం రాసినవమ్మా?"

"అచ్చుతప్పని రాశాను. ఏడాదికి యాభై రెండు వారాలే. ఏడు యాభైరెళ్ళు మూడువందల అరవై నాలుగు. మిగిలేది ఒక్కరోజు. ఒక్కరోజును వారమంటారా?"

"నాకు ఎక్కాలు రావు. గని యాభై మూడు నేనే రాసిన, గీ చేత్తోని."

"ఎక్కడ?"

"గీ బోర్డు మీదనే. కొత్త సంవత్సరం నాడు పొద్దుగాల్నే నేను ఒకటి రాసిన. తెల్లసారు వచ్చి అరచేత్తోని తుడిచేసి, మల్ల యాభై మూడు రాయుమన్నడు. గదేంది సారూ, పాత ఏడు ఇంకా అయిపోలేదా అంటిని. గీ వారం బేస్తవారం పాత ఏట్లనే పోయింది, బేస్తవారం ఏ ఏట్ల ఉంటే వారం గా ఏటిదే అన్నడు. సోమవారం దాక ఆగి, ఇగ అప్పుడు ఒకటి రాయుమన్నడు. హాలెండుల కొత్త సంవత్సరం మూడు దినాలు లేటుగ వస్తదని మేమంత మస్తు నవ్వినం."

"అది ఏ సంవత్సరం?"

"తారీఖులు నీకెరుక. మా చిన్నదాన్ని బడిల ఏసిన ఏడు."

ఆమె బేస్తవారమన్న గురువారాలను చూడటానికి నేను గోడకు ఇటు వచ్చి పాత ఆఫీసు డైరీలు తీశాను. 1998 జనవరి ఒకటి గురువారం. డిసెంబరు ముప్ఫై ఒకటీ గురువారమే. ఒక్కొక్క గురువారం మీదా పెన్సిలు పెట్టి లెక్కపెట్టాను. యాభై మూడు. ఇంకోసారి లెక్కపెట్టాను. యాభై మూడే.

అంటే తివాచీల దుకాణంది అచ్చుతప్పు కాదు. 1999 జనవరి ఒకటి శుక్రవారం. దాని గురువారం పాత సంవత్సరంలోనే పోయింది. కాబట్టి నేను మొదటి వారమన్నది మొదటి వారం కాదు, యాభై మూడోది. 1999లో నేను వేసిన ప్రతి తేదీ ఉండాల్సినదానికంటే ఒక వారం ముందు పడింది. 2000 జనవరి ఒకటి శనివారం. ఆ సంవత్సరమూ అంతే. నేను సరిచూసుకున్న ఆరు ఉత్తరాల్లో ఆ రెండేళ్ళవి ఒక్కటీ లేవు. లావుపాటి కవరు ముద్ర కూడా నా తప్పును పట్టివ్వలేదు. నా తేదీలు దానికి ముందే ఉన్నాయి కదా, ఇంకో వారం ముందుకు జరిగినా దానికేం పట్టింది.

1999వి ఏడు కవర్లు, 2000వి అయిదు, యాభై మూడోది ఒకటి. ముప్ఫైలో పదమూడు తప్పు. పరిచయం కాగితంలో రాసిన లెక్క మొత్తం తప్పు.

షెడ్డులోకి తిరిగి వెళ్ళేసరికి ఆమె కట్టలు కట్టిస్తోంది.

"నువ్వు చెప్పిందే నిజం," అన్నాను.

ఆమె తలెత్తలేదు. "ఆరేండ్లు గీ పక్క రూంల కూసున్నవు. గింత సదువుకున్నవు. ఒక్క మాట అడగకపోతివి."

జిరాక్సులు మడిచి సంచీలో పెట్టుకున్నాను.

బస్సులో ఇంటికి వస్తూ రెండు దారులు లెక్కవేశాను. ఊరుకుంటే ఫ్రేము పోటీలో ఉంటుంది, ఈ ఊళ్ళో ఎవరూ పట్టుకోలేరు. చెబితే ఆయన ఫ్రేమే తీసేయవచ్చు. తేదీ తేల్చి తెస్తేనే ఇస్తానన్నారు కదా. ఆ తేదీలే తప్పని నేనే వెళ్ళి చెబుతున్నాను. తుంకుంట దాటేదాకా ఈ రెండూ తూచాను. అల్వాల్ వచ్చేసరికి తూచడానికి ఏమీ మిగల్లేదు. తప్పని తెలిసిన తేదీ కింద నా చేతిరాత ఉండకూడదు, అంతే.

మర్నాడు శుక్రవారం, తోటకు వెళ్ళేముందు ఏడింటికే ఆయన ఇంటి తలుపు కొట్టాను. సంగతంతా నిలబడే చెప్పాను. ఆయన విని కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"వారం తేడా. ఏడు రోజులు. అమ్మా, మన జడ్జీల్లో అది పట్టుకునేవాడు ఎవడున్నాడు?"

"పూలు కట్టే ఆవిడ పట్టుకుందండి."

"ఆవిడ జడ్జి కాదుగా."

"నాకు అయింది."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నారు. తరవాత సంఘం నిబంధన చెప్పారు. ఒకసారి అప్పగించిన కాగితాలు మళ్ళీ చేతికి తీసుకుంటే ఆ ఫ్రేము పోటీలోంచి పోయినట్టే. "ఈ నిబంధన పెట్టింది నేనే. నేనే తప్పలేను," అన్నారు.

"తప్పమని అడగడం లేదండి. పోటీ తీసేయండి. ఫ్రేము మాత్రం ఉంచండి. కవరుతో తెమ్మన్నారు, తెచ్చాను. తేదీ తేల్చమన్నారు, ఇప్పుడు తేలింది. సోమవారం పొద్దున ఇదే వేళకు తెచ్చిస్తాను."

ఆయన లోపలికి వెళ్ళి కాగితాలు తెచ్చిచ్చారు. రసీదు వెనక్కి తీసుకుని చింపేశారు. ఆ చప్పుడు నాకు నచ్చలేదు. ఆయనకూ నచ్చలేదనుకుంటాను.

శుక్ర, శనివారాలు తోటలో కాగితం ముట్టుకునే తీరిక లేదు. ఆదివారం పొద్దున ఏడున్నరకు కిటికీ పక్క బల్ల వేసుకున్నాను. తప్పు కవర్లు పదమూడే. అవి ఏడు కాగితాల మీద ఉన్నాయి. ఏడోదాని రెండో సగంలో 2001 కవరు ఒకటుంది. దాని తేదీ సరైనదే, కానీ కాగితం మారుతోంది కనక అదీ మళ్ళీ రాయాలి. పరిచయంతో కలిపి ఎనిమిది కాగితాలు. ఒక్కొక్క తేదీనీ ముందు డైరీలో గురువారం పట్టుకుని, దాని వెనక సోమవారం చూసి, పెన్సిలుతో రాసి, ఇంకోసారి సరిచూసి, అప్పుడు సిరా పెట్టాను. మూడు కాగితాలు చెడిపోయాయి. పదకొండు ఖర్చయి ఎనిమిది నిలిచాయి. మా ఆయన ఆ రోజు అన్నం తనే వండి, పలకరించకుండా పక్కన పెట్టి వెళ్ళారు. మధ్యాహ్నం మూడుంబావుకు ముగించాను.

యాభై మూడో వారం కవరు కింద ఇప్పుడు ఇలా ఉంది: '28 డిసెంబరు 1998 నుంచి 3 జనవరి 1999 వరకు.' పరిచయం కాగితం చివర రెండు వాక్యాలు కలిపాను. 'ఈ వారాల లెక్కను మొదట నేను తప్పుగా వేశాను. గులాబీ తోట గ్రేడింగ్ షెడ్డు మేస్త్రి సరిదిద్దారు.'

సోమవారం ఏడింటికి అప్పగించాను. ఆయన కొత్త రసీదు రాశారు. అందులో పోటీ నంబరు లేదు.

ప్రదర్శనలో నా ఫ్రేమును తాగునీళ్ళ డ్రమ్ము పక్కన పెట్టారు. పైన చిన్న అట్టముక్క: 'పోటీలో లేదు.' నీళ్ళకు వచ్చినవాళ్ళందరూ గ్లాసు పట్టుకుని దాన్నే చూశారు కనక చోటు చెడ్డదేమీ కాదు. "ఇలాంటివి మాకూ వస్తాయి, పడేస్తాం," అన్నారొకరు. "పడేయకండి," అన్నాను. శనివారం సాయంత్రం సంఘం పెద్ద వచ్చి, మూడో వరసలో మొదటి కాగితం ముందు భూతద్దంతో వంగి చాలాసేపు ఉన్నారు. యాభై మూడోది ఉన్నది ఆ కాగితం మీదే.

"ఈ మేస్త్రి మన సంఘంలో సభ్యురాలా?" అన్నారు.

"కాదండి."

"రాస్తే బాగుంటుంది కదా," అన్నారు. ఎవరు ఏం రాయాలో చెప్పకుండానే వెళ్ళిపోయారు.

ఆదివారం నాలుగింటికి మేస్త్రమ్మ వచ్చింది. ఆఖరి పెట్టెలు ఎక్కించి, మేడ్చల్ మీదుగా రెండు బస్సులు మారి వచ్చింది. కుడి బొటనవేలికి గుడ్డ కట్టు. తలలో పూలు పెట్టుకుంది, గులాబీలు మాత్రం కాదు. హాలంతా ఒకసారి చూసి నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"మెడల్ ఇచ్చేటోళ్ళు ఏరి? నీకు ఇయ్యలేదా?"

"మెడల్ పోటీలో ఉన్నవాళ్ళకు. నాది పోటీలో లేదు."

"ఎందుకు లేదు?"

చెప్పాను. ఆమె విని మొహం పక్కకు తిప్పుకుంది. "నేను చెప్పకపోతే వచ్చుండేదా?"

"ఏమో. వచ్చినా తప్పు లెక్కకు వచ్చుండేది."

"నేను నోరు మూసుకుంటే అయిపోతుండె."

"నువ్వు మూసుకుంటే ఆ పదమూడు తప్పులూ ఇంకా అద్దం వెనక ఉండేవి. ఇటు రా."

పరిచయం కాగితంలోని ఆఖరు వాక్యం చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది. చదివాను. ఆమె అద్దం దగ్గరికి జరిగి, వరస వెంట వేలు పెట్టి అంకెలు చూసుకుంటూ వెళ్ళింది. మూడో వరసలో మొదటి కాగితం దగ్గర ఆగింది. కట్టు కట్టిన వేలితో అద్దం మీద ఆ కవరున్న చోట తట్టింది.

"ఇగ దీన్ని ఎవరు తుడుస్తరో సూస్త," అంది.

తరవాత నీళ్ళ డ్రమ్ము దగ్గర ఒక గ్లాసు తాగి, చీర కొంగుతో మూతి తుడుచుకుంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"పోతనమ్మా. బస్సు దొరకది. రేపు సోమవారం, పొద్దుగాల్నే పోయి బోర్డు మీద ఏడు రాయాలె."